ఎవరు ఎవరిని చూసుకుంటున్నట్టు

మొయినాబాద్
జులై చివరి వారం

వదినకు,

అన్న ఆటోలో టమాటా డబ్బాల సందున వస్తున్న ఉత్తరం ఇది, తడిగా ఉంటే నన్ను తిట్టకు. చేతిలో ఫోన్ పెట్టుకొని ఈ రాతలేంటని అన్న నవ్వాడు. నవ్వితే నవ్వనీ. నేను ఫోన్ చేసిన రోజల్లా జోషిత ఏడ్చి ఏడ్చి అన్నం మానేస్తోందని చెప్పింది నువ్వే. మనిద్దరం ఫోన్లో మాట్లాడుకుంటే మూడో మాటకే గొంతులు లేస్తున్నాయన్నదీ నువ్వే. రెండూ నిజమే. కాగితం మీదైతే కోపం వచ్చినా చెయ్యి కాస్త ఆగుతుంది. అన్న ఎలాగూ కూరగాయలేసుకొని చేవెళ్ల నుంచి మెహిదీపట్నం దాకా ఇదే దారిలో పోతాడు. మా గేటు దగ్గర వాచ్‌మన్ శాంతయ్య చేతిలో పెడితే నాకు అందుతుంది.

ఇక్కడ ఇల్లు పెద్దది, మనుషులు తక్కువ. మనస్విని మేడమ్, వంశీకృష్ణ సారు ఇద్దరూ కంప్యూటర్ కంపెనీల్లో చేస్తారు, పొద్దున పోతే చీకటి పడ్డాకే వస్తారు. సారు వాళ్ళమ్మ సుబ్బలక్ష్మిగారు ఇంట్లోనే ఉంటారు. గుడివాడలో టీచరుగా చేసి రిటైరయ్యారట, మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేరు. నాకు అప్పజెప్పింది వాళ్ళ పాప ఆద్యను. నాలుగేళ్ళది.

మొదటి రోజు నేను చేసిన ఘనకార్యం విను. మేడమ్ చెప్పులేసుకుంటూ, "మమతా, యూ హావ్ టు లుక్ ఆఫ్టర్ ఆద్య, ఓకేనా?" అంది. ఓకే అన్నాను. ఆఫ్టర్ అంటే ఏంటో నాకు తెలియదా? మన డాక్టరు దగ్గర మందు బిళ్ళలిస్తూ ఆఫ్టర్ ఫుడ్ అంటారు, అంటే తిన్న తర్వాత. ఆద్యను తర్వాత చూడాలి, ముందు ఇల్లు చూడాలి, ఇంతే కదా అనుకున్నాను. ఊడ్చాను, తుడిచాను, గిన్నెలు తోమాను, బట్టలు నానబెట్టాను. ఆ పిల్ల పక్కగదిలో వాళ్ళమ్మ షాంపూ సీసా మొత్తం పరుపు మీద పోసుకొని కూర్చుంది. ఆ ఇంట్లో మూలమూలకూ కెమెరాలున్నాయి. మేడమ్ ఆఫీసు నుంచి ఫోన్ చేసింది.

"మమతా, ఆద్య ఎక్కడుంది?"

"లోపల్నే ఉన్నది మేడమ్."

"నిన్ను పాపని చూసుకోమని కదా చెప్పాను."

"చూస్త మేడమ్, ఇంకా బట్టలు పిండేది ఉన్నది. పాపను ఆఫ్టర్ చూడుమన్నరు గదా."

అటువైపు మేడమ్ ఫోన్ పెట్టేసింది. ఇటువైపు సుబ్బలక్ష్మిగారు సోఫాలో కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. "తర్వాత చూడటం కాదమ్మాయ్. లుక్, ఆఫ్టర్ ఈ రెండూ పక్కపక్కన చేరితే అర్థమే మారిపోతుంది. లుక్ ఆఫ్టర్ అంటే చూసుకోవడం" అన్నారు. అప్పుడు వెళ్ళి పరుపు ఉతికాను.

నవ్వుకున్నావు కదా, ఇప్పుడు నా బిడ్డ సంగతి. జోషితకు ఒక్క జడే వెయ్యి. రెండు వేస్తే నుదురు పెద్దగా కనపడుతుంది. నా పాత పచ్చచీర ఇచ్చి వచ్చాను, నిద్రపోయేటప్పుడు అది పక్కన పెడితే చాలు, ఏడవదు. నీ పక్కన పడుకోబెట్టుకోవద్దని కాదు. చీర సరిపోతుందని చెబుతున్నా, అంతే.

మమత

*

చేవెళ్ల
ఆగస్టు

మమతా,

నీ ఉత్తరం అందరికీ చదివి వినిపించాను. మీ అన్న ఇప్పుడు ఏ పని చెప్పినా "ఆఫ్టర్ చూస్త" అంటున్నాడు, నా ప్రాణానికి ఇంకో మాట నేర్పావు.

జోషిత గురించి ఫికర్ చేయకు. బాగా తింటోంది, ముఖం నిండింది. మీ ఆయన రాజమౌళి చనిపోయిన ఏడాది అది ఎలా ఉండేది, పుల్లలాగా. ఇప్పుడు చూస్తే నువ్వే గుర్తుపట్టవు. జడ సంగతి చెబుతున్నా, కోపం తెచ్చుకోకు. రెండు జడలే వేస్తున్నాను. స్కూల్లో ఆడపిల్లలందరికీ రెండు జడలే, దీనికొక్కదానికే ఒకటి ఎందుకు? నుదురు పెద్దదేం కాదు, మా పుట్టింటివైపు పిల్లలా కళగా ఉంది. మా ఇంట్లో ఇద్దరూ మగపిల్లలే కదా, వాళ్ళకు దువ్వెన చూపిస్తేనే పరుగు. ఇన్నాళ్ళకు నాకు ఒక ఆడపిల్ల జుట్టు చేతికి దొరికింది.

నీ చీర ఉతికి మడతపెట్టి బీరువాలో ఉంచాను. దాంతో పని పడటం లేదు, నా చెయ్యి పట్టుకొని నిద్రపోతోంది.

ఇంకోమాట. ఉత్తరంలో ఆద్య ముచ్చట్లు కొంచెం తగ్గించి రాయి. చదువుతుంటే జోషిత పక్కనే కూర్చుని, "ఆ పాపకు మా అమ్మనే స్నానం పోస్తదా? మా అమ్మనే తినిపిస్తదా?" అని మళ్ళీ మళ్ళీ అడిగింది. అవునంటే ఒక బాధ, కాదంటే అబద్ధం. నేను పప్పు కలుపుతూ వినపడనట్టు ఊరుకున్నాను.

ప్రవళిక

*

మొయినాబాద్
సెప్టెంబరు

వదినకు,

చీర ఎందుకు ఉతికావు?

నేను దాన్ని ఉతకకుండా ఇచ్చివచ్చిందే అందుకు. నీకు తెలియక కాదు. ఇద్దరు పిల్లల్ని పెంచినదానివి, తల్లి చీర పిల్ల ఎందుకు పట్టుకుంటుందో నీకు నేను చెప్పాలా? ఉతికితే అది బీరువాలో గుడ్డ, అంతే. సరే, అయిందేదో అయింది.

నువ్వు తగ్గించమన్నా ఆద్య ముచ్చట ఒకటి రాయకుండా ఉండలేను, జోషిత పడుకున్నాక చదువు. మొన్న ఆదివారం మేడమ్ ఇంట్లోనే ఉంది. పాప సైకిల్ మీద నుంచి పడింది, మోకాలు గీసుకుపోయింది. మేడమ్ చేతులు చాచి ఎదురు పరిగెత్తింది. ఆద్య వాళ్ళమ్మను దాటుకొని, వంటింటి గుమ్మంలో ఉన్న నా దగ్గరకు వచ్చి నా కాళ్ళను చుట్టేసుకుంది. మేడమ్ అలాగే చేతులు చాచి నిలబడింది. తర్వాత ఫోన్ చూసుకుంటూ లోపలికి పోయింది. జాలి పడాల్సింది కదా, నాకు జాలి రాలేదు. లోపల్లోపల బాగా సంతోషం వేసింది. నీకు కాబట్టి దాచకుండా రాస్తున్నా.

ఆ సాయంత్రం సుబ్బలక్ష్మిగారి కాళ్ళకు నూనె రాస్తూ, లుక్ ఆఫ్టర్ గురించి మళ్ళీ అడిగాను. చూడటమూ చూసుకోవడమూ ఒకటేనా అమ్మా అని. ఆమెకు పాఠం చెప్పడమంటే ఇష్టం, నొప్పులు మరిచిపోయి లేచి కూర్చున్నారు. "ఇంగ్లీషువాడు ఆఫ్టర్ తగిలించాడు, మనం కోవడం తగిలించాం. వండటం వేరు, వండుకోవడం వేరు కదటే. కోవడం వచ్చిందంటే ఆ పని మన కోసం చేసినట్టు. పిల్లని చూడ్డం ఎవరైనా చూస్తారు. చూసుకోవడం మాత్రం, నాది అనుకున్నవాళ్ళే చేస్తారు" అన్నారు.

అది విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు. నేను నీకు జోషితను చూడమని ఇచ్చానా, చూసుకోమని ఇచ్చానా? వదినా, నువ్వు ఏం చేస్తున్నావు, చూస్తున్నావా, చూసుకుంటున్నావా?

దానికి ఈ వాక్యం నేర్పు. మై మదర్ లుక్స్ ఆఫ్టర్ మీ. మా అమ్మ నన్ను చూసుకుంటుంది అని. స్కూల్లో ఇంగ్లీషు టీచరు అడిగితే అదే చెప్పమను. మొన్న గేటు దగ్గర అన్న తన ఫోన్లో నా ఫోటో తీశాడు, అదీ చూపించు. నేను ఎలా ఉన్నానో మరిచిపోకుండా ఉంటుంది.

మమత

*

చేవెళ్ల
అక్టోబరు, బతుకమ్మ సెలవులయ్యాక

మమతా,

ఫోటో చూపించాను. నీ ఫోటో అన్నావు, అందులో నీ చంకన ఆ పాప కూడా ఉంది. చెవుల దాకా కత్తిరించిన జుట్టు, నీ మెడ చుట్టూ చేతులు. జోషిత చాలాసేపు చూసింది. నేను పంపమని అడిగానా ఆ ఫోటో?

నువ్వు చెప్పిన వాక్యం నేర్పాను. నేర్పలేదని రేపు అనకు. వంట చేస్తూ, మిషన్ కుడుతూ, స్కూలు దాకా నడుస్తూ చెప్పించాను. కొట్టినపిండి చేసింది. మరి మొన్న తరగతిలో ఏమైందో విను. టీచరు లుక్ ఆఫ్టర్ బోర్డు మీద రాసి, ఇంట్లో ఎవరు ఎవరిని చూసుకుంటారో సొంతంగా చెప్పండి అందట. మన పిల్ల లేచి, "మై అత్తమ్మ లుక్స్ ఆఫ్టర్ మీ" అంది. అమ్మ కాదు. అత్తమ్మ. ఆంటీ అనాలమ్మా అని టీచరు అంటే, ఆంటీ కాదు అత్తమ్మనే అని పట్టుబట్టిందట. సాయంత్రం గేటు దగ్గర టీచరు నాకు చెప్పి నవ్వింది. నా దగ్గర కుట్టడానికిచ్చిన ఆమె జాకెట్టు వరుసలో వెనక ఉన్నా, మర్నాడే కుట్టి ఇచ్చేశాను.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చి పదిహేనేళ్ళు దాటింది. మీ అమ్మకు చేశాను, మీ నాన్నకు చేశాను, నీ పెళ్ళికి చేశాను, నీ పురుడుకు చేశాను. అందరూ మమత వచ్చిందా, మమత తిన్నదా అన్నవాళ్ళే. నా పేరు ఎవరూ ఒక వాక్యంలో ముందు పెట్టలేదు. ఏడేళ్ళ పిల్ల పెట్టింది, అదీ ఇంగ్లీషులో.

చూస్తున్నావా, చూసుకుంటున్నావా అని అడిగావు కదా. జవాబు నీ బిడ్డే చెప్పింది. నువ్వేం బాధపడకు, పిల్లలు అన్నం పెట్టిన చెయ్యి పేరు చెబుతారు.

ప్రవళిక

*

మొయినాబాద్
నవంబరు

వదినా,

ఇప్పుడు నీ మనసు చల్లబడిందా?

నా ఇల్లు పోయి, మనిషి పోయి, ఒక్క బిడ్డ మిగిలింది. దాన్ని నీ చేతిలో పెట్టి ఇక్కడికి వచ్చాను. అన్నం పెట్టమన్నాను, నీ పేరు నేర్పమనలేదు. జడ మార్చావు, చీర ఉతికావు, పక్కన పడుకోబెట్టుకున్నావు, చివరికి నా వాక్యంలో నన్ను తీసేసి నువ్వు కూర్చున్నావు. పైగా బాధపడకు అని రాస్తావు. బాధపెట్టాలని రాసిందానివి, అలాగే రాయి.

నీకు ఆడపిల్ల లేకపోతే అది నా తప్పా?

నువ్వు ఒకటి రాశావు కాబట్టి నేనూ ఒకటి రాస్తున్నా. నిన్న మధ్యాహ్నం ఆద్య నిద్ర లేచి నన్ను అమ్మా అని పిలిచింది. ఇన్నాళ్ళూ మమతా అనేది. వద్దు అనాల్సింది, అనలేదు. ఇంకోసారి అనమని అనిపించుకున్నాను. ఎత్తుకొని ముద్దు పెట్టుకున్నాను. నాకూ ఒకతి ఉంది ఇక్కడ, నన్ను అమ్మా అనేది.

ఎండాకాలం సెలవులు రాగానే జోషితను తీసుకుపోతాను. శంకర్‌పల్లిలోనో ఇంకోచోటనో ఒక గది కిరాయికి తీసుకుంటాను, పని మారుస్తాను, ఏదో ఒకటి చేస్తాను. నీ చేతికి దొరికిన జుట్టు మళ్ళీ దొరకదు. ఈ సంగతి అన్నకు చెప్పినా చెప్పకపోయినా నీ ఇష్టం.

మమత

*

చేవెళ్ల
నవంబరు, మర్నాడు

మమతా,

కోపాలు తర్వాత పడదాం, ముందు ఇది చదువు. ఫోన్ చేద్దామని చేతిలోకి తీసుకున్నాను, కానీ నీ గొంతు వింటే ఇద్దరం అరుచుకుంటాం, ఆ అరుపులు అది వింటుంది. అందుకే రాసి, తెల్లారగానే మీ అన్నను పంపుతున్నా.

నిన్న నీ ఉత్తరం చదివి ఒళ్ళు మండి, మిషన్ మీద అలాగే పడేసి మంచినీళ్ళ కోసం బయటికి పోయాను. ఈలోగా జోషిత స్కూలు నుంచి వచ్చింది. అది ఇప్పుడు కూడబలుక్కొని తెలుగు చదువుతుందని నాకు తెలుసు, నాకే గుర్తులేకపోయింది. నేను బిందె దింపి లోపలికి వచ్చేసరికి ఉత్తరం కింద ఉంది, నా కత్తెర దాని చేతిలో ఉంది. ఒక జడ నేల మీద పడి ఉంది, రిబ్బన్ రిబ్బన్‌తోనే. రెండోది సగం దాకా కోసి, కత్తెర కదలక తిప్పలు పడుతోంది.

"ఏం జేసినవే" అని అరిచాను.

అది ఏడవలేదు. "ఆద్యకు జడల్లేవు గదా అత్తమ్మా. నాకు గూడ లేకుంటె అమ్మ నన్ను గూడ ఎత్తుకుంటది" అంది. ఇంకా, "జర ఇది గూడ కోసియ్యవా, నాతోని అయితలేదు" అని కత్తెర నాకే ఇచ్చింది.

చెవి పక్కన చిన్నగా తెగింది, పసుపు పెట్టాను. కత్తెర చెంప మీద జారి ఉంటే ఏమయ్యేదో నేను తలుచుకోలేకపోతున్నా. మీ అన్న అన్నం ముట్టలేదు, నాతో మాట్లాడలేదు.

నీకు రాయనిది ఒకటి ఉంది. ఆ రోజు తరగతిలో అది చెప్పింది ఒక్క వాక్యం కాదు, రెండు. మై అత్తమ్మ లుక్స్ ఆఫ్టర్ మీ అన్నాక ఆగకుండా, మై మదర్ లుక్స్ ఆఫ్టర్ ఆద్య అంది. ఆద్య ఎవరు, మీ చెల్లెనా అని టీచరు అడిగితే, "కాదు టీచర్, మా అమ్మ పాప" అంది. నీకు బాధ కలుగుతుందని దాచలేదు, అంత మంచిదాన్ని కాదు నేను. మొదటి వాక్యం పక్కన రెండోది పెడితే మొదటిదాని రుచి పోతుంది. అది నన్ను పొగడలేదు మమతా, నీ మీద నేరం చెప్పుకుంది. నేనే పొగడ్త అనుకొని మురిసిపోయాను. అది రాత్రి నా చెయ్యి పట్టుకొని నిద్రపోతుంది, నిద్రలో మాత్రం నిన్నే పిలుస్తుంది. అది కూడా నీకు రాయలేదు.

సెలవు ఇచ్చినా ఇవ్వకపోయినా ఒకసారి వచ్చిపో.

ప్రవళిక

*

మొయినాబాద్
డిసెంబరు మొదట్లో

వదినకు,

వచ్చిన రోజు నీతో ఒక్క మాటా మాట్లాడలేదు. నువ్విచ్చిన టీ తాగాను, గ్లాసు కడిగిపెట్టాను, అంతే. మాట్లాడితే ఏడుస్తాననిపించింది, నీ ముందు ఏడవడం ఇష్టం లేకపోయింది.

ఆ కత్తిరించిన జుట్టుతో అది నీ వెనక దాక్కుంది చూడు, అప్పుడు నాకు మనస్విని మేడమ్ గుర్తొచ్చింది. నేనూ అలాగే చేతులు చాచి నిలబడ్డాను. చాలాసేపయ్యాక నీ కొంగు చాటు నుంచి తొంగిచూసి, "నీ పాపను తీస్కరాలేదా?" అని అడిగింది. ఆ మాటకు నువ్వు వంటింట్లోకి పోయావు. నువ్వు నవ్వుతావేమో అనుకున్నాను, నువ్వు కళ్ళు తుడుచుకున్నావు. అది చూశాకే కొంచెం నీ మీద కోపం తగ్గింది, పూర్తిగా పోలేదు.

బస్సు దిగి ఇక్కడికి వచ్చేసరికి మేడమ్, సారు ఇద్దరూ హాల్లో ఉన్నారు. ఆద్య గేటు దాకా పరిగెత్తుకొచ్చి, అందరి ముందూ, "అమ్మా, ఎక్కడికెళ్ళావ్?" అంది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. మేడమ్ సారును పాపతో పైకి పంపి, నన్ను కూర్చోమంది. నేను నిలబడే ఉన్నాను.

"ఎన్నాళ్ళ నుంచి అంటోంది అలా?"

"దీపావళి అయినంక నుంచి మేడమ్."

"నువ్వు వద్దనలేదా?"

"అన్లేదు."

ఎందుకు అనలేదో అడిగింది. దాచడానికి ఓపిక లేక ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. నా బిడ్డ ఇంకొకరి పేరు చెప్పిందని, ఆ కుళ్ళుతో మీ బిడ్డ నోట అనిపించుకున్నానని. జోషిత జడ కోసుకున్న సంగతి చెబుతుంటే ఆమె ముఖం చేతుల్లో పెట్టుకుంది. కాసేపటికి, "మమతా, నాకు నిన్ను చూస్తే ఎంత అసూయో తెలుసా? ఆఫీసులో మీటింగ్ మధ్యలో కెమెరా పెట్టుకుని మీ ఇద్దరినీ చూస్తాను. అది నీ ఒళ్ళో నవ్వుతుంటే నిన్ను తీసేయాలనిపిస్తుంది. తీసేస్తే అది ఏడుస్తుందని ఊరుకున్నాను" అంది. చదువుకున్న మనిషి, పెద్ద ఉద్యోగం, నా ముందు అలా అంటుందని నేను కలలో కూడా అనుకోలేదు.

మర్నాడు పొద్దున్నే నిర్ణయం చెప్పింది. వచ్చే నెల నుంచి సగం రోజులు ఇంటి నుంచే పని చేస్తుందట, మిగతా రోజుల్లో సాయంత్రానికల్లా వచ్చేస్తుందట. "సాయంత్రం నుంచి నా కూతుర్ని నేనే చూసుకుంటాను. నువ్వు ఇంక రాత్రిళ్ళు ఉండక్కర్లేదు" అంది. పగలు మాత్రం నేనే రావాలి.

నిజం చెప్పనా? ముందు నాకు కోపమే వచ్చింది. ఆద్యకు రాత్రి అన్నం నేను తినిపించాలి, కథ నేను చెప్పాలి, ఈమె ఎవరు లాక్కోవడానికి అనిపించింది. కన్నతల్లి మీద అలా అనుకున్నాను చూడు. వంటింట్లో గిన్నెలు కొంచెం గట్టిగానే పడేశాను. సుబ్బలక్ష్మిగారు వచ్చి, "సాయంత్రం బస్సుంటుంది కదే మీ ఊరికి" అన్నారు. అప్పటిదాకా నాకు తట్టనేలేదు.

రోజూ ఇంటికి రావచ్చు వదినా. పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు పోవచ్చు. శంకర్‌పల్లి గది మాట వదిలేయి, ఆ రోజు కోపంలో రాశాను. ఆ ఇల్లు మా అన్నదే, కానీ వంటిల్లు నీది, పొయ్యి నీది, ఇన్ని నెలలూ జోషిత నీది. అందుకే అన్నను కాదు, నిన్ను అడుగుతున్నా. నేను రోజూ రానా?

మమత

*

చేవెళ్ల
డిసెంబరు, నీ ఉత్తరం అందిన వారానికి

మమతా,

నీ ఉత్తరం చదివి సంతోషపడ్డానని రాస్తే అబద్ధమవుతుంది. సంతోషపడ్డది మీ అన్న. ఆ రోజంతా ఈల వేసుకుంటూ తిరిగాడు. నేను ఒక జాకెట్టుకు కుడిచెయ్యి ఎడమవైపు, ఎడమచెయ్యి కుడివైపు పెట్టి కుట్టేశాను, మళ్ళీ విప్పాల్సి వచ్చింది.

రానా అని అడిగావు. నువ్వు పుట్టిన ఇంటికి నువ్వు రావడానికి నేనెవర్ని వద్దనడానికి? అయినా అడిగావు కాబట్టి చెబుతున్నా. రా. ముందుగది ఖాళీ చేయిస్తున్నాను, మగపిల్లల మంచం హాల్లోకి మార్చాం. నీ పచ్చచీర తీసి మంచం మీద వేశాను. ఉతకకుండా ఉంచాల్సింది, అది నాకు అప్పుడే తెలుసు. తెలిసే ఉతికాను.

జోషితకు వెంటనే చెప్పలేదు. చెబితే ఆ నిమిషంలోనే నా చెయ్యి వదిలేస్తుందని తెలుసు, ఇంకొక్క రోజు, ఇంకొక్క రోజు అనుకుంటూ ఆపాను. నిన్న పొద్దున మీ అన్న కళ్ళెర్రజేశాక చెప్పాను. అది తింటున్నదల్లా ఆగిపోయింది.

"రోజు వస్తదా? పండుకోనీకె గూడ ఇక్కడనేనా?"

"ఇక్కడనే."

"ఆద్య ఏడ్వదా మరి?"

"ఆద్యకు వాళ్ళమ్మ ఉన్నదే."

ఇక అన్నం తినలేదు. ఎంగిలి చేత్తోనే వాకిట్లోకి ఉరికి, వీధిలో కనపడ్డ ప్రతి ఒక్కరికీ చెప్పింది. మా అమ్మ వస్తది, మా అమ్మ రోజు వస్తది అని. నేను దాని కంచం ముందు కూర్చుని ఆ అరుపులు విన్నాను. నాకు ఏడుపొచ్చింది, ఆ ఏడుపులో సంతోషం పాలు ఎంతో నన్ను అడగకు.

సాయంత్రం స్కూలు నుంచి తీసుకొస్తుంటే దారిలో అడిగింది, "అత్తమ్మా, ఇగ ఆ సెంటెన్స్ మార్చాల్నా?"

ఏ సెంటెన్స్ అన్నాను, తెలిసి కూడా.

"నువ్వు నన్ను చూసుకుంటవని చెప్పింది. అమ్మ వస్తున్నది గదా. మార్చాల్నా, ఉంచాల్నా?"

 మీ అమ్మ రాంగనే అడుగు అన్నాను. అందుకే అది నిన్ను అడిగేలోగా ఈ ఉత్తరం నీకు చేరాలని, మీ అన్నను ఇంకో బేరం మానిపించి మరీ పంపుతున్నా.

జుట్టు పెరిగాక ఒక జడే వెయ్యి, నీ ఇష్టం. అన్నం నువ్వే కలిపి పెట్టు. నీ పక్కనే పడుకోబెట్టుకో, నేను ఆ గది గుమ్మం కూడా తొక్కను. నువ్వు దాన్ని కన్నావు, నీకు బడిలో ఎవరూ వాక్యం చెప్పక్కర్లేదు. కావాలంటే నీ కోసం ఇంకోటి నేర్పు, ఇంగ్లీషులో మాటలకేం కరువు. ఆ ఒక్కటి మాత్రం మార్చమని చెప్పకు మమతా. ఈ ఇంట్లో నాదంటూ ఉన్నది ఆ వాక్యమే.

ప్రవళిక